సరుకుల చిట్టా ఎవరి చేతిలో నుండవలెను?

తెల్లవారకముందే పాలకోడు టమాట మండీకి పోయి నిలిచినవారికి ఈ దృశ్యము కొత్తది కాదు. చుట్టుపట్ల పల్లెలనుండి పెట్టెలు దిగును. ధర పలుకును. పెట్టెలెన్ని, పెట్టె ధర యెంత, కమిషను, కూలి, బాడుగ పోను చేతికి వచ్చునది యెంత అని ఒక చిన్న చీటీపై నాలుగు వరుసలు వ్రాసి రైతు చేతిలో పెట్టుదురు. రైతు దానిని మడిచి జేబులో నుంచుకొని ఇంటిదారి పట్టును. పొద్దెక్కునప్పటికి ఆ కాయలు పది చేల కాయలతో కలసి లారీ యెక్కును. అంతటితో ఆ కాయకును ఆ చేనికిని గల సంబంధము తెగిపోవును. దూరపు పట్టణమున కొనువారికి అది యెవరి పంటయో తెలియదు. పండించినవానికి అది అక్కడ ఏ ధరకు పోయినదో తెలియదు. నడుమనున్న ప్రతివానికిని ఒక చిట్టా కలదు. కాని ఒకరి చిట్టాకు మరియొకరి చిట్టాతో పొత్తు లేదు.

ఈ తెగిన సంబంధమును అతికించుటకై ప్రపంచములోని పెద్ద వర్తక సంస్థలు దాదాపు పది సంవత్సరములుగా ఒక ప్రయత్నము చేయుచున్నవి. దాని పేరు బ్లాక్‌చెయిన్. మన మాటలో చెప్పవలెనన్న గొలుసు చిట్టా. మన సంఘ సభ్యులలో టమాట పండించువారున్నారు, మండీ నడుపువారున్నారు, లారీలు గలవారున్నారు, మామిడి తోటలు గలవారున్నారు. కనుక ఈ విషయము మనకు దూరపుది కాదు. నేడు పెద్ద సంస్థలు తమలో తాము ఏర్పరచుకొను నియమములు రేపు మన చీటీమీదికి దిగివచ్చును. అవి దిగివచ్చుటకు ముందే మనము ఆలోచించుట మేలు.

బ్లాక్‌చెయిన్ అన్నంతనే, అది బిట్‌కాయిన్ అను జూదము కదాయని మన పెద్దలు కొందరు ముఖము చిట్లింతురు. ఆ అనుమానమునకు కారణము లేకపోలేదు. 2008 లో సతోషి నకమోతో అను మారుపేరుతో వెలువడిన వ్యాసము వలననే ఈ పద్ధతి లోకమునకు తెలిసినది. కాని దాని మూలము అంతకంటె పాతది, జూదముతో దానికి సంబంధము లేదు. 1991 లో స్టూవర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెటా అను ఇరువురు అమెరికా శాస్త్రజ్ఞులు ఒక పత్రము ఫలానా నాడు ఫలానా రూపమున నుండెనని తరువాతివారెవరును మార్చలేకుండ రుజువు చేయుట యెట్లని ఆలోచించి, పత్రముల ముద్రలను ఒకదానితో నొకటి గొలుసుగా కూర్చు ఉపాయము కనిపెట్టిరి. 1995 నుండి ఆ గొలుసు యొక్క ముద్రను వారమునకొకసారి న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ప్రకటనగా వేయించిరి. లక్షలాది ప్రతులు ఊరూర చేరిన పిమ్మట దానిని దిద్దగలవాడెవడు? వార్తాపత్రికయే సాక్షియైనది.

గొలుసు చిట్టా పని తీరు మన తాతలనాటి వర్తకులకు సులభముగా బోధపడును. వారి చిట్టాలో ప్రతి పుట మొదటను వెనుకటి పుట మొత్తమును తెచ్చి వ్రాసెడివారు. వెనుకటి పుటలో ఎవడైన ఒక అంకె మార్చినచో ముందటి పుట దానిని పట్టియిచ్చెడిది. గొలుసు చిట్టాలో మొత్తమునకు బదులు, వెనుకటి పుటలోని వ్రాత యంతటినుండి గణించి తీసిన ముద్ర యుండును. ఒక్క అక్షరము మారినను ముద్ర మారిపోవును. అంతేకాక, చిట్టా ఒకని పెట్టెలో నుండక, చేరిన వారందరివద్దను ఒక్కొక్క ప్రతిగా నుండును. అందరి ప్రతులను ఒకేమారు మార్చిననే గాని దొంగవ్రాత నిలువదు. ఒక్క కరణము చేతిలో గ్రామపు లెక్కలన్నియు నుండుటకును, గ్రామస్థులందరివద్దను అదే లెక్క ప్రతి యుండుటకును గల భేదము ఇదియే.

దీనివలన కలుగు మేలునకు ఒక మామిడిపండు కథయే నిదర్శనము. అమెరికాలోని వాల్‌మార్ట్ అంగళ్ళవారు ఐబీఎం కంపెనీతో కూడి ఒక పరీక్ష చేసిరి. ముక్కలుగా తరిగి పొట్లము కట్టిన మామిడిని చేతికిచ్చి, ఇది ఏ తోటనుండి వచ్చినదో చెప్పుమని తమ సిబ్బందిని అడిగిరి. ఫోనులు చేసి, కాగితములు తిరగవేసి జవాబు చెప్పుటకు 6 దినముల 18 గంటల 26 నిమిషములు పట్టెను. గొలుసు చిట్టాలో వ్రాయించిన తరువాత అదే ప్రశ్నకు 2.2 సెకండ్లలో జవాబు వచ్చెను. 2017 ఆగస్టులో నెస్లే, యూనిలీవర్, డోల్, క్రోగర్ మొదలగు సంస్థలును ఇందులో చేతులు కలిపినవి.

ఈ వేగము రైతునకేమి ప్రయోజనమని అడుగవచ్చును. 2018 నవంబరులో అమెరికాలో రోమైన్ అను ఆకుకూర తిని పలువురు జబ్బుపడిరి. చెడుపు ఏ పొలమునుండి వచ్చినదో వెంటనే తేలనందున, ఆ కూరను ఎక్కడిదైనను తినవలదనియు, ఇంటనున్నది పారవేయవలసినదనియు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రము ప్రకటించెను. తప్పు చేయని రైతుల పంటయు చెత్తకుప్ప పాలయ్యెను. మన సరుకుమీద ఎన్నడైన ఇట్టి మచ్చ పడినచో, ఇది మా చేను, ఇది మేము కోసిన దినము, ఇది మేము వాడిన మందు అని చూపగల రైతు నిలుచును. చూపలేనివాడు పదుగురితో పాటు మునుగును. అందుచేత జాడ తెలుపు చిట్టా కొనువానికి ఎంత రక్షణయో పండించువానికి అంత రక్షణ.

ఇంతవరకు చెప్పినది వెలుగు. చీకటియు చెప్పకున్న సంపాదకీయము ప్రకటన పత్రమగును.

2014 లో డెన్మార్కు దేశపు ఓడల కంపెనీ మేర్స్క్ వారు తూర్పు ఆఫ్రికానుండి ఐరోపాకు పోయిన ఒక చల్లని కంటైనరు వెంట కాగితములను లెక్కించి చూచిరి. సుమారు 30 మంది వ్యక్తులు, కార్యాలయములు. వారి నడుమ 200 కు పైగా ఉత్తర ప్రత్యుత్తరములు. ఈ చిక్కును విప్పుటకై మేర్స్క్, ఐబీఎం కంపెనీలు 2018 లో ట్రేడ్‌లెన్స్ అను గొలుసు చిట్టాను స్థాపించినవి. ధనమునకు కొరత లేదు, పాండిత్యమునకు కొరత లేదు. అయినను మొదటి యేడే ఒక ప్రశ్న లేచినది. పోటీదారుడగు మేర్స్క్ యింట నున్న చిట్టాలో మా సరుకుల రహస్యములను మేమేల వ్రాయవలెనని తక్కిన ఓడల కంపెనీలు వెనుదీసినవి. 2019 లో ఎంఎస్‌సీ, సీఎంఏ సీజీఎం, హాపాగ్-లాయిడ్, వన్ కంపెనీలు వచ్చి చేరినవి గాని, ఆ మొదటి అనుమానము పూర్తిగా తొలగలేదు. 2022 నవంబరు 29 న మేర్స్క్ వారే ఆ చిట్టాను మూసివేయుచున్నామని ప్రకటించిరి. యంత్రము పని చేయలేదని వారనలేదు. ప్రపంచమంతటి పరిశ్రమ యొక్క సంపూర్ణ సహకారము లభించలేదని, అందుచేత వ్యాపారముగా నిలువలేదని చెప్పిరి. 2023 ప్రథమార్ధము ముగియకముందే అది మూతపడినది.

ఈ పతనములోని నీతి మన మండీకిని చెల్లును. చిట్టా అందరిది అని పేరుపెట్టి పెట్టె తాళము ఒకరి మొలలో నుంచినచో తక్కినవారు మనసిచ్చి వ్రాయరు. కంచెయే చేను మేయునేమోనన్న భయము ఎంత గొప్ప యంత్రముతోను పోదు.

సహకారము ఫలించిన చోట్లు లేకపోలేదు. నేడు ప్రతి కిరాణా పొట్లముమీదను కనబడు నల్లగీతల బార్‌కోడును చూడుడు. అమెరికాలోని కిరాణా వర్తకులును ఉత్పత్తిదారులును కలిసి 1973 లో ఒక గుర్తును ఒప్పుకొనిరి. 1974 జూన్ 26 న ఒహాయో రాష్ట్రపు ట్రాయ్ పట్టణమున ఒక చూయింగ్ గమ్ పొట్లము మొదటిసారిగా ఆ గీతలతో అమ్ముడయ్యెను. ఆ గుర్తు ఏ ఒక్క అంగడి సొత్తును కాదు. అందుచేతనే అది అన్ని అంగళ్ళకును ప్రాకినది. ఓడల కంపెనీలును ఇప్పుడు ఈ త్రోవనే పట్టినవి. 2019 లో ఒక ఉమ్మడి సంఘము నేర్పరచుకొని, మొదట మాటలకును పత్రములకును ఒకే నమూనాను ఒప్పుకొనుచున్నవి. ఓడ సరుకు రసీదులను 2030 నాటికి పూర్తిగా కాగితము లేకుండ చేయుదుమని ఆ సంఘ సభ్యులు 2023 లో మాట యిచ్చిరి. ముందు చీటీ నమూనాపై ఏకాభిప్రాయము, పిమ్మట యంత్రము. ట్రేడ్‌లెన్స్ వారి వరుస దీనికి తలక్రిందులుగా నుండెను.

మన తెలుగు నేలమీదను ఈ విత్తనములు పడినవి. 2019 మార్చిలో భారత కాఫీ బోర్డు వారు రైతును విదేశపు కొనుగోలుదారుతో కలుపుటకు గొలుసు చిట్టాతో కూడిన ఒక విక్రయ వేదికను ప్రయోగముగా ఆరంభించిరి. ఆ నెలలోనే అరకులోయ కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2021 లో సుగంధద్రవ్యముల బోర్డును ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమును ఒప్పందము చేసికొని, ఆంధ్రప్రదేశ్‌లో మిరప, పసుపు పండించు 3,000 కు పైబడిన రైతులతో ఇట్టి జాడ చిట్టాను ప్రయోగించ సంకల్పించినవి. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము విశ్వస్య అను పేర జాతీయ గొలుసు చిట్టా సౌకర్యమును భువనేశ్వర్, పుణె, హైదరాబాదు కేంద్రముల నుండి ఆరంభించెను. గుంటూరు మిరపకు ఆలోచించినవారు రేపు తోతాపురి మామిడికి ఆలోచింపరా? 2004 వరకు మన ధర్మపురి జిల్లాలోనే యుండిన కృష్ణగిరి ప్రాంతమును, పొరుగునున్న చిత్తూరును మామిడి గుజ్జును పరదేశములకు పంపు సీమలు. పరదేశపు కొనుగోలుదారు అడుగు ప్రశ్న మొదట తోటవానివద్దకే వచ్చును.

చీటీ విలువ యెంతటిదో 2025 వేసవి తెలిపినది. తోతాపురి ధర పడిపోగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలోకు 12 రూపాయలు రైతునకు దక్కవలెనని, అందు 8 రూపాయలు కర్మాగారము, 4 రూపాయలు ప్రభుత్వము ఇయ్యవలెనని నిర్ణయించెను. అట్టి యేర్పాటులో ఏ రైతు, ఏ దినమున, ఏ కర్మాగారమునకు, ఎన్ని కిలోలు తోలినాడన్న వ్రాతయే ధనము. ఆ వ్రాత పోయిన రైతునకు రూపాయియు పోయినట్లే.

అయినను ఒక భ్రమను ముందుగానే వదలుకొనవలెను. గొలుసు చిట్టా వ్రాసినదానిని మార్చనీయదు. వ్రాసినది నిజమా కాదా అనునది దానికి తెలియదు. కాటాలో మోసము జరిగిన తూకమును వ్రాసినచో, ఆ మోసమే చెరగని సత్యముగా నిలిచిపోవును. తరుగు పేర కోసినది న్యాయమా అన్యాయమా యని అది అడుగదు. లారీలో కాయలు కలసిపోయిన పిమ్మట ఏ కాయ ఎవరిదో అది కనిపెట్టలేదు. మొదటి వ్రాత వ్రాయు చేయి, ఆ చేతి ప్రక్కనున్న కాటా సరిగా నుండిననే గొలుసునకు విలువ. కావున గొలుసు కొనుటకు ముందు కాటాను సరిచేయవలెను.

మరియొకటి. నమ్మదగిన ఒక్క లెక్కరి యున్నచోట గొలుసు చిట్టా అక్కరలేదు. 2016 ఏప్రిల్‌లో మొదలైన జాతీయ వ్యవసాయ మార్కెటు, 2018 ఏప్రిల్‌లో వచ్చిన ఈ-వే బిల్లు ఇవియన్నియు ప్రభుత్వమే లెక్కరిగా నుండి నడపునవి. ఉదయము కోసి మరునాటికి వండెడి టమాటకు, ఊరిలోనే అమ్ముడగు సరుకునకు అంత పెద్ద గొలుసు తగిలించుట చీమమీద అంబారీ వేయుట వంటిది. పలుమంది పోటీదారులు, పలు రాష్ట్రములు, పలు దేశములు కలసి ఒకే లెక్కను నమ్మవలసిన చోటనే దానికి పని. ఆ తారతమ్యము తెలియక, పేరు కొత్తదని డబ్బు పోయుట తగదు. పేరు కొత్తదని తలుపు మూయుటయు తగదు.

మండీవారి భయమును గూర్చి ఒక మాట. మా బేరమంతయు నలుగురి యెదుట పరచినచో మా వ్యాపారమేమగునని వారడుగుదురు. ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. ఓడల కంపెనీల భయమును ఇదియే. కాని వర్తకులకై ఏర్పడిన గొలుసు చిట్టాలలో అందరును అన్నియు చూడవలెనను నియమము లేదు. సరుకు ఎచటిది, ఎన్నడు కదలినది అనునది అందరికిని కనబడునట్లును, ధర మాత్రము ఇచ్చినవానికిని పుచ్చుకొన్నవానికిని మాత్రమే కనబడునట్లును ఏర్పరుపవచ్చును. అటులనే రైతు పేరు, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా చెరపరాని పుటలలో వ్రాయరాదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము తన వివరములను దిద్దించుకొను హక్కును, తొలగింపజేసికొను హక్కును పౌరునికిచ్చినది. చెరుగని చిట్టా ఆ హక్కును మింగరాదు. ఏది బయట, ఏది లోపల అనునది మొదటనే తేల్చుకొనవలసిన సంగతి.

ఈ చర్చ మన ముంగిటికి వచ్చునాటికి మన సభ్యులు నాలుగు కోరికలను నోటనుంచుకొనవలెనని మా యభిప్రాయము.

మొదటిది, చీటీ నమూనా ఒకటే యుండవలెను. ఏ మండీకి పోయినను, ఏ కర్మాగారమునకు తోలినను తూకము, తరుగు, ధర, కమిషను, బాడుగ వేరువేరు వరుసలలో కనబడవలెను. దీనికి యంత్రమక్కరలేదు, కాగితము చాలును. రేపే ఆరంభింపవచ్చును.

రెండవది, వ్రాసినదాని ప్రతి రైతు చేతిలో నుండవలెను. తన పంటను గూర్చిన లెక్క తాను చూడలేని చిట్టా ఎంత గొప్పదైనను అది ఇతరుల చిట్టాయే.

మూడవది, అది చదువదగిన భాషలో నుండవలెను. ఇందు మనము దాపరికము లేక మాటలాడుకొందము. మన యిండ్లలో తెలుగు మాట నిలిచినది గాని, పలువురకు చదువు తమిళమున సాగినది. తెలుగు అక్షరము వచ్చిన పెద్దలున్నారు, తమిళాక్షరము మాత్రమే వచ్చిన పిల్లలున్నారు. చీటీ తమిళమునను తెలుగునను ఉండినచో ఇంటిల్లిపాదికిని బోధపడును. ఆంగ్లమున మాత్రమే యుండిన ఫోను తెరపై వ్రేలు మోపి ఒప్పుకొంటిననుట, చదువక వ్రేలిముద్ర వేసిన వెనుకటి ప్రోనోటుకంటె మేలైనది కాదు. ఈ విషయమున మన తమిళ సోదర రైతుల కష్టమును మన కష్టమును ఒకటే. వారితో కలిసియే అడుగవలెను.

నాలుగవది, చిట్టాను పాలించు సభలో పండించువారికి స్థానముండవలెను. నియమములు మార్చుటకును, తగవు తీర్చుటకును, ఖర్చు పంచుటకును కూర్చుండువారు కొనువారు మాత్రమే యైనచో, భారము చివరకు పెట్టెల ధరలోనుండి తరుగుగా తీయబడును. ఒంటరి రైతు ఆ సభలో కూర్చుండలేడు. సహకార చక్కెర మిల్లు వెలసిన ఊరు మనది. పదుగురు చేరి ఒక వాటాపత్రము పుచ్చుకొనుట యెట్లో మన పెద్దలు ఎరుగుదురు. రైతు ఉత్పత్తిదారుల సంఘములుగా చేరి మాటలాడినప్పుడే ఆ మాటకు బరువు.

మన సంఘములో పండించువారును, కొనువారును, తోలువారును ఒకే పంక్తిని కూర్చుండి భోజనము చేయుదురు. వియ్యమందిన కుటుంబములలోనే ఒక అన్న తోటలో నుండును, ఒక బావ మండీలో నుండును, మేనల్లుడు లారీ నడుపును. పెద్ద సంస్థలకు కోట్లు వెచ్చించినను దొరకని పరస్పర విశ్వాసము మనకు చుట్టరికముగా కలదు. దానిని వ్యవహారములోనికి తెచ్చుకొనలేకున్న లోపము యంత్రముది కాదు, మనది.

కావున మండీ నడుపు సభ్యులు ముందుగా ఒక వారము పాటు తమ చీటీలలో తూకమును తరుగును వేరువేరుగా వ్రాసి చూతురు గాక. రైతు సభ్యులు ఆ చీటీలను పారవేయక దారమున గ్రుచ్చి దాతురు గాక. ప్రపంచమంతయు కోరుచున్న గొలుసునకు మొదటి కొక్కెము ఆ దారమే. అది సరిగా నున్నచో తక్కినది ఎవరు తెచ్చినను మనము తలయెత్తి మాటలాడగలము.